బంగారు గనుల సీమలో వయ్యారిభామ

కోలారు పేరు చెబితే మనవాళ్ళకు మొదట గుర్తొచ్చేది బంగారం. ఆ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఇప్పుడు బంగారుపేట, ముళబాగిలు పల్లెల్లో తెల్లవారకముందే వినిపించేది పాలక్యాన్ల చప్పుడే. ఇక్కడ చాలా ఇళ్ళలో మాట తెలుగు, బడిలో చదువు కన్నడం. పరాయిచోట తెలుగును కాపాడుకుంటున్న మనకు ఇది దగ్గరి చుట్టాల సీమ.

మొన్న వానల తర్వాత మారికుప్పం రైలెక్కాను. గనిమట్టి దిబ్బల దగ్గర, బీళ్ళలో, పట్టాల పక్కన అంతటా చిన్న తెల్లపూలు. చూడ ముచ్చటగా ఉంటాయి కానీ, అది వయ్యారిభామ. అమెరికా ఖండపు మొక్క. 1955లో పుణెలో కనిపించి దేశమంతా పాకింది. ఒక్క మొక్క వేలకొద్దీ విత్తనాలు రాలుస్తుంది, పక్కనున్న గడ్డిని ఎదగనివ్వదు. దీన్ని తినే మెక్సికో పెంకుపురుగును 1983లో బెంగళూరుకు తెప్పించి మరుసటి ఏడు వదిలారు. వానాకాలంలో ఆకులు బాగానే తింటుంది. ఎండలు ముదిరితే మట్టిలోకి దూరి నిద్రపోతుంది!

ఈ మొక్కతో నాకొక పాత లెక్క ఉంది. చాలా ఏళ్ళ క్రితం ఈ జిల్లాలోనే ఒక బ్యాంకు శాఖలో పనిచేస్తూ, అరెకరం ఉన్న ఒకావిడకు సంకర జాతి ఆవు కొనడానికి అప్పు మంజూరు చేశాను. ఎన్నో ఈత, ఎన్ని లీటర్లు, బీమా ఉందా అని అన్నీ అడిగాను. మేత ఎక్కడిదని అడగలేదు. నాలుగు నెలలకు కిస్తు ఆగింది. వాళ్ళ వాకిట్లో నిలబడి నలుగురి ముందు గట్టిగా మాట్లాడాను. ఆవిడ చేతులు చాపి చూపింది. మోచేతుల దాకా దద్దుర్లు.

"ఆవు మంచిదే సార్. నేను కోసుకొచ్చే గడ్డిలోనే ఉండాది తప్పు. పాలు చేదని వెనక్కి పంపినారు."

పశువులు మామూలుగా వయ్యారిభామను ముట్టవు. మేత కరువై, గట్టుగడ్డిలో కలిపి వేస్తే తింటాయి. అప్పుడు పాలకు చేదు వస్తుంది. నాటు ఆవు చెరువుకట్టలపై తిరిగి ఏదో ఏరుకుని బతికేది. హోల్‌స్టీన్ సంకరానికి కట్టుకొయ్య దగ్గరికే కడుపునిండా పచ్చిమేత రావాలి. లేకపోతే ఒళ్ళు తగ్గి సరిగా ఎదకు రాదు. ఉదయం ఎదకొచ్చిన ఆవుకు సాయంత్రం సూది వేయించాలంటారు. ఆ అదను తప్పితే మళ్ళీ 21 రోజులు ఆగాలి. మంచి జాతి వీర్యం సూదితో వస్తుంది గానీ, మేత సూదితో రాదు కదా!

ఆ కిస్తులకు గడువు పొడిగించాం. ఆమె మడిలో ఒక మూల నేపియర్ గడ్డి నాటింది.

ఈసారి వెతుక్కుంటూ వెళ్ళాను. జుట్టు నెరిసింది, కొట్టంలో రెండు ఆవులున్నాయి. చేతులకు ప్లాస్టిక్ సంచులు కట్టుకుని, పూతకు రాకముందే వయ్యారిభామను వేళ్ళతో పెరుకుతోంది. ఆలస్యంగానైనా ఆనాటి మాటకు క్షమించమన్నాను. నవ్వి, పెద్ద లోటానిండా పాలిచ్చింది. "తాగి చూడండి సార్" అంది.

చేదు లేదు.