పరిచిత పదం – అపరిచితార్థం

కౌటిల్యుని అర్థశాస్త్రాన్ని ఆర్. శామశాస్త్రి 1909లో మైసూరులో ప్రకటించారు. అయినను ఆ గ్రంథం నేటి తెలుగు పాఠకునికి సులభగ్రాహ్యం కాదు. తెలియని పదం నిఘంటువును తెరిపిస్తుంది. తెలిసిన పదమే దారి తప్పిస్తుంది. ‘సేతువు’ అనగానే విద్యార్థికి వంతెన స్ఫురిస్తుంది. సీతాధ్యక్ష ప్రకరణంలోని సేతువు నీటిని నిలిపే కట్ట. హైదరాబాదు పాతబస్తీ దక్షిణపుటంచున జల్‌పల్లి చెరువుకట్టపై నడిచేవాడు అట్టి సేతువుపైనే నడుస్తున్నాడు.

తమ సేతువుల నీటిని చేతితో తోడినవారు అయిదవ వంతు, భుజాన మోసినవారు నాల్గవ వంతు, యంత్రంతో పారించినవారు మూడవ వంతు ఉదకభాగం చెల్లించాలని అక్కడి విధి. సేతువును వంతెనగా గ్రహిస్తే నీటి పన్ను దారిసుంకమైపోతుంది. తాను కట్టుకొన్న కట్ట నీటికి సైతం రాజభాగమెందుకన్న అసలు ప్రశ్న పాఠకునికి తోచనే తోచదు.