ఏనుగు పిల్లల దగ్గర ఎక్కాలు

నైరోబీ వెళ్తున్నానని తెలిసి మా వీధిలో అందరూ అడిగిన ప్రశ్న ఒకటే, 'సింహాలను చూస్తారా?' అని. చూశాను. చాలా దగ్గర నుంచే చూశాను. కానీ తిరిగొచ్చాక నేను అందరికీ చెబుతున్నది సింహాల సంగతి కాదు, పాలసీసాల సంగతి.

మా అమ్మాయి, అల్లుడు ఉద్యోగాల కోసం అక్కడ స్థిరపడ్డారు. ముప్ఫై ఏళ్లు లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యాను కదా, మనవరాలికి నాలుగు లెక్కలు నేర్పమని మా అమ్మాయి కోరిక. పెద్దదానికి ఎనిమిదేళ్లు. కూడికలు, తీసివేతలు బాగానే చేస్తుంది. భాగహారం అనగానే కడుపు నొప్పి వస్తుంది. నేను విమానం దిగిన రోజునే షరతు పెట్టింది: "అమ్మమ్మా, కథలు చెబితే నీ దగ్గరే పడుకుంటా. లెక్కలు చెబితే మాత్రం అమ్మ దగ్గరికి పోతా." ఐదేళ్ల చిన్నాడు అక్క మాటకు తలూపాడు. నేను సరేనన్నాను. పుస్తకం తీయనే లేదు.

నేను వెళ్లింది నిరుడు జూలైలో. ఆఫ్రికా అంటే ఎండలు మండిపోతాయనుకుని నూలు చీరలే సర్దుకెళ్లాను. తీరా చూస్తే పొద్దున్నే స్వెట్టరు లేనిదే బయటికి రాలేం. భూమధ్యరేఖకు దగ్గరే అయినా నైరోబీ సముద్రమట్టానికి దాదాపు 1,700 మీటర్ల ఎత్తున ఉంది. ఆ పేరుకు మాసాయి భాషలో అర్థమే 'చల్లని నీరు' అట. ఊరిని ఆనుకునే నేషనల్ పార్కు ఉంది. 1946లో ఏర్పాటైంది, 117 చదరపు కిలోమీటర్లు. ఒకవైపు ఆకాశాన్నంటే భవనాలు, ఆ భవనాలే వెనక తెరలా నిలబడి మేస్తున్న జిరాఫీలు. ఆ పార్కు అంచునే ఉంది, తల్లిలేని ఏనుగు పిల్లలను పెంచే చోటు.

పదకొండింటికి పాలు

షెల్డ్రిక్ వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ అంటే అక్కడ ఆటోవాడి దగ్గర్నుంచి ఆఫీసరు దాకా అందరికీ తెలుసు. త్సావో ఈస్ట్ నేషనల్ పార్కుకు తొలి వార్డెనుగా పనిచేసిన డేవిడ్ షెల్డ్రిక్ 1977లో కన్నుమూశారు. ఆయన పేరిట భార్య డాఫ్నీ దీన్ని నెలకొల్పారు. 2018లో ఆమె కూడా పోయారు. పని మాత్రం ఆగలేదు. ఇప్పటిదాకా మూడు వందలకు పైగా ఏనుగు పిల్లలు ఈ సంస్థ చేతుల్లో పెరిగాయి.

సందర్శకులను పదకొండు నుంచి పన్నెండు దాకా, రోజుకు ఒక్క గంటే రానిస్తారు. ముందుగా పేరు నమోదు చేసుకోవాలి. మేం వెళ్లేసరికి తాడు కట్టిన ఆవరణ చుట్టూ స్కూలు యూనిఫారాల్లో పిల్లలు బారులు తీరి ఉన్నారు. సరిగ్గా పదకొండయ్యేసరికి పొదల మధ్య నుంచి ఏనుగు పిల్లలు పరుగెత్తుకుంటూ వచ్చాయి. కొన్నింటి వీపుల మీద రంగురంగుల దుప్పట్లు కట్టి ఉన్నాయి. ఆకుపచ్చ కోట్లు తొడుక్కున్న కీపర్లు పెద్ద పెద్ద సీసాలు పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. బుజ్జివాటికి సీసా పట్టి తాగించాలి. కాస్త పెద్దవైతే తొండంతో తామే పట్టుకుని గటగటా తాగేశాయి. తాగడమైందో లేదో ఎర్రమట్టిలో పొర్లాట. చిన్నాడు వాటిని లెక్కపెట్టి పద్నాలుగన్నాడు. అక్క పన్నెండంది. నిలబడనివాటిని లెక్కపెట్టడం ఎంత కష్టమో ఇద్దరికీ తెలిసొచ్చింది.

మైకు పట్టుకున్న కీపరు ఒక్కో పిల్ల పేరు, అది దొరికిన చోటు చెబుతున్నాడు. తల్లిని వేటగాళ్లు చంపినవి, బావిలో పడినవి, కరువులో మంద నుంచి విడిపోయినవి. 2022లో ఫిబ్రవరి నుంచి అక్టోబరు దాకా కరువుకు కెన్యాలో 205 ఏనుగులు చనిపోయాయని అక్కడి ప్రభుత్వమే ప్రకటించింది. చివర్లో కీపరు ఒక మాటన్నాడు: "పగలూ రాత్రీ ప్రతి మూడు గంటలకూ పాలు పట్టాలి."

నేనేమీ అనలేదు. మనవరాలే వేళ్లు మడవడం మొదలెట్టింది. "ఇప్పుడు పదకొండు. మళ్లీ రెండుకి, అయిదుకి, ఎనిమిదికి, రాత్రి పదకొండుకి, రెండుకి, అయిదుకి, ఎనిమిదికి... ఎనిమిది సీసాలు అమ్మమ్మా!" అంది. కాసేపాగి, "రాత్రి రెండింటికి ఎవరు లేస్తారు?" అని అడిగింది. ఇరవై నాలుగును మూడుతో భాగించానని దానికి తెలియదు. నేనూ చెప్పలేదు.

రాత్రి లేచేవాళ్లు కీపర్లే. ఏనుగు పిల్లల పాకల్లోనే పడుకుంటారు. అయితే ఒకరే రోజూ ఒకే పిల్ల దగ్గర పడుకోకుండా వంతులు మారుతుంటారు. దీని వెనుక ఒక కన్నీటి కథ ఉంది. ఏనుగు పిల్లకు ఆవుపాలు పడవు. అందులోని కొవ్వు అరగదు. ఏ పాలు పడతాయో తెలుసుకోవడానికి డాఫ్నీకి ఏళ్లు పట్టింది. కొబ్బరినూనె కలిపితే కుదిరింది. అలా బతికిన తొలి పసిగుడ్డు ఆయిషా. కూతురి పెళ్లి కోసం డాఫ్నీ కొన్నాళ్లు ఊరెళ్తే, ఆయిషా బెంగపెట్టుకుని పాలు మానేసి చనిపోయింది. అప్పటి నుంచీ ఒక్కరికే అలవాటు కాకుండా ఈ వంతులు.

ఇంటికొచ్చాక మా వాళ్లిద్దరూ మూడు బొమ్మ ఏనుగులు, మూడు పేర్లు పెట్టుకుని వంతుల పట్టిక గీశారు. ఎవరికీ వరసగా రెండు రాత్రులు ఒకే ఏనుగు రాకూడదు. అమ్మ, నాన్న, అమ్మమ్మ కీపర్లు. వారం రోజుల పట్టిక వేయడానికి గంటన్నర పట్టింది. ఎక్కడా తప్పు లేదు.

పద్దెనిమిది షిల్లింగులు

ఆ సంస్థలో ఏనుగు పిల్లను దత్తత తీసుకోవచ్చు. అంటే ఇంటికి తెచ్చుకోవడం కాదు, దాని పోషణకు కొంత ఇవ్వడం. ఏడాదికి 50 డాలర్ల నుంచి మొదలు. దత్తత పత్రం ఇస్తారు. కీపర్లు రాసిన డైరీ నెలనెలా పంపుతారు. పిల్లలు కావాలని గొడవ చేస్తే మా అల్లుడు ఫోను తీసి అక్కడికక్కడే కట్టబోయాడు. నేను ఆపాను. "మీరు కడితే అది మీ ఏనుగు అవుతుంది. వాళ్లది కావాలంటే వాళ్లే కూడబెట్టాలి" అన్నాను. అల్లుడు కాస్త చిన్నబుచ్చుకున్నా ఫోను జేబులో పెట్టేశాడు.

ఆ రాత్రి భోజనాల బల్ల మీద పాత నోటుపుస్తకం తెరిచాం. డాలరుకు 130 షిల్లింగుల లెక్కన యాభై డాలర్లంటే 6,500. ఏడాదికి 365 రోజులు. పెద్దది నా సాయంతో భాగించింది. రోజుకు దాదాపు 18 షిల్లింగులు. ముందు మురిసిపోయింది. తర్వాత వంటింట్లోకెళ్లి పాల ప్యాకెట్ తెచ్చింది. అర లీటరు ధర 60 షిల్లింగులు. "పద్దెనిమిదికి మూడో వంతు ప్యాకెట్ కూడా రాదుగా!" అంది.

సీసాకు మూడు లీటర్లనుకుందామన్నాను. ఎనిమిది సీసాలకు 24 లీటర్లు, అంటే 48 ప్యాకెట్లు. ప్యాకెట్ 60 చొప్పున 2,880 షిల్లింగులు. అవి మామూలు పాలు కావు, అసలు ఖర్చు వేరుగా ఉంటుంది. అయినా అంచనా వేయాలంటే ఎక్కడో మొదలుపెట్టాలి కదా. రోజుకు 2,880 కావలసిన చోట మనం ఇచ్చేది 18. పిల్ల ముఖం వాడిపోయింది. "మరి మనం ఇచ్చి ఏం లాభం అమ్మమ్మా?"

ముప్ఫై ఏళ్లలో ఏ క్లాసులోనూ నన్ను ఎవరూ ఇంత మంచి ప్రశ్న అడగలేదు. మా ఊళ్లో వినాయక చవితి పందిరి సంగతి చెప్పాను. ఇల్లిల్లూ తిరిగి చందాలు వసూలు చేస్తారు. పది ఇచ్చినవాళ్లుంటారు, వంద ఇచ్చినవాళ్లుంటారు. ఒక్కరి డబ్బుతో పందిరికి ఒక గుంజ కూడా రాదు. అందరిదీ కలిస్తే పందిరి లేస్తుంది. "అయితే మనలాంటివాళ్లు ఎంతమంది కావాలో చూడు" అన్నాను. 2,880ని 18తో భాగించింది. ఎవరూ చెయ్యమనకుండా, కడుపు నొప్పి రాకుండా. నూట అరవై. శేషం సున్నా. "నూట అరవై మంది కలిస్తే ఒక ఏనుగుకి ఒక రోజు పాలు. నేనూ తమ్ముడూ కలిసి ఒక్కరం" అని పెద్ద అక్షరాలతో రాసుకుంది. అందులో కీపర్ల జీతాలు, మందులు, దుప్పట్లు ఇంకా లేవు.

మాండాజీ ఖరీదు

వాళ్లమ్మ వారానికి చెరో వంద షిల్లింగులు ఇస్తుంది. అన్నీ దాస్తే వారానికి 200. 6,500ను 200తో భాగిస్తే 32 వచ్చి, శేషం 100 మిగిలింది. ఆ వంద కోసం ఇంకో వారం ఆగాల్సిందే. మొత్తం 33 వారాలు. శేషం అంటే కింద రాసి వదిలేసే అంకె కాదని, దానికోసం ఒక వారం కాచుకోవాలని అప్పుడు అర్థమైంది.

అంతలో చిన్నాడు అడ్డం తిరిగాడు. వాడికి వారానికొక మాండాజీ కావాలి. మన మైసూరు బోండాకు దూరపు చుట్టం లాంటి తీపి రొట్టె, వాడు తినేది 20 షిల్లింగులు. అక్క కోపంగా మళ్లీ లెక్క వేసింది. వారానికి 180 చొప్పున 37 వారాలు. "నీ మాండాజీ వల్ల నాలుగు వారాలు ఆలస్యం!" అని అరిచింది. వాడు ఏడుపు. పంచాయితీ నా దగ్గరికొచ్చింది. వాడు సంతోషంగా నిలబెట్టుకోలేని పద్దు మూడో వారానికే చెడిపోతుందని చెప్పాను. పెద్దది ఆలోచించి "సరే, 37" అని రాసింది. నెల జీతంలో ఇల్లు నడిపిన ప్రతి ఇల్లాలికీ తెలిసిన సంగతే ఇది. దానికి ఎనిమిదేళ్లకే తెలిసింది.

మరో ఆదివారం పార్కు లోపల దంతాలు తగలబెట్టిన స్థలానికి వెళ్లాం. 1989లో పన్నెండు టన్నులు, 2016 ఏప్రిల్ 30న 105 టన్నుల ఏనుగు దంతాలను కెన్యా ప్రభుత్వం అక్కడే కాల్చింది. రెండోసారి కాల్చినవాటి విలువ పది కోట్ల డాలర్లకు పైమాటేనని అప్పట్లో పత్రికలు రాశాయి. మా మనవరాలు నోరెళ్లబెట్టింది. "అంత డబ్బు తగలబెట్టేశారా? పాలు కొనొచ్చు కదా!"

"అమ్మితే కొనేవాడుంటాడు. కొనేవాడున్నాడని తెలిస్తే మళ్లీ చంపేవాడు వస్తాడు. ఇంకో పిల్ల తల్లి పోతుంది. దానికి మళ్లీ ఎనిమిది సీసాలు" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. కారులో వాళ్ల నాన్న అంకెలు చెప్పాడు. 1989 నాటికి కెన్యాలో మిగిలిన ఏనుగులు సుమారు 16 వేలు. 2021 గణనలో 36,280. తీసివేత చేసి "ఇరవై వేల రెండు వందల ఎనభై పెరిగాయి" అంది. కెన్యా వచ్చాక నేను విన్న లెక్కల్లో నాకు బాగా నచ్చింది అదే.

ఇదంతా కెన్యాలోనే సాధ్యమని కాదు. సర్కస్‌ల నుంచి విడిపించిన సింహాలు, పులుల కోసం మన విశాఖలో, తిరుపతిలో కేంద్రాలు ఏర్పాటయ్యాయి. హైదరాబాద్ నెహ్రూ జూపార్కులో, విశాఖ ఇందిరాగాంధీ జూలో ఒక జంతువు మేత ఖర్చు కొంతకాలం భరించే దత్తత పథకాలున్నాయి. అదీ కుదరకపోతే కాలు విరిగి వీధిలో పడున్న కుక్కపిల్ల చాలు. దాన్ని ఎత్తుకుని తూకం మీద నిలబడి, మన బరువు తీసేస్తే దాని బరువు తెలుస్తుంది. డాక్టరు మందు మోతాదు చెప్పేది ఆ బరువును బట్టే. అక్కడ తప్పు చేస్తే పోయేది మార్కు కాదు.

నేను సెప్టెంబరులో తిరిగొచ్చేశాను. మొన్న ఏప్రిల్‌లో ఫోనొచ్చింది, డబ్బు పూర్తయిందని. కిడ్డీ బ్యాంకులో చిల్లర మూడుసార్లు లెక్కపెట్టారట. దత్తతకు కరువు ప్రాంతం నుంచి వచ్చిన ఒక ఆడపిల్లను ఎంచుకున్నారు. పెద్దది గొంతు తగ్గించి అడిగింది: "అమ్మమ్మా, అది చచ్చిపోతే మన డబ్బు తిరిగిస్తారా?"

"ఇవ్వరమ్మా. అది తాగేసి ఉంటుంది కదా" అన్నాను.

చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "తాగిందిగా. అయితే పర్లేదు" అంది. వెంటనే ఇంకో అనుమానం. "ఇది ఒక్క ఏడాదికేగా? వచ్చే ఏడాదికి మళ్లీ మొదటి నుంచి దాచాలా?"

"దాచాలి."

ఫోను పక్కకు తిప్పి తమ్ముడికి చెప్పడం వినిపించింది: "ఒరేయ్, మళ్లీ 37 వారాలు. మాండాజీ కలిపే లెక్క వేశాలే, ఏడవకు."