ఆసుపత్రి దినములు - ఇంటి దినములు

శస్త్రచికిత్స యను మాట యింట వినబడగానే మొట్టమొదట పుట్టు ప్రశ్న, "ఆసుపత్రిలో ఎన్ని దినములుండవలెను?" అనునది. ప్రశ్న యొకటియే యైనను అడుగువారి మనస్సులు రెండు విధములు. ఎక్కువ దినములుంచినచో రోగికి భద్రమని తలచువారు కొందఱు. త్వరగా వచ్చినచో ఇంటిపనికి అందివచ్చునని తలచువారు మఱికొందఱు. స్థూలకాయము తగ్గుటకై జీర్ణాశయమునకు చేయు శస్త్రచికిత్స విషయమున ఈ రెండు తలంపులును సరికావని మా యింటి యనుభవమువలన మాకు తెలిసినది. సోదరీమణులకు ఉపయోగపడునేమో యని ఆ సంగతి ఇచ్చట విన్నవించుచున్నాము.

మా ఆడపడుచునకు 42 ఏండ్లు. బరువు 118 కిలోలు. ఆరేండ్లుగా మధుమేహము, మోకాళ్ల నొప్పులు, రాత్రులందు నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడి లేచుట. ఆమె చేయని పథ్యము లేదు, పట్టని ఉపవాసము లేదు. తగ్గిన బరువు ఏడాది తిరుగకుండ మఱల వచ్చుచుండెను. "నోరు కట్టుకొనరాదా?" అని పేరంటమునకు వచ్చినవారు సైతము అనుచుండిరి. ఇది కేవలము నోటి దోషము కాదనియు, వంశము, నిద్ర, ఆకలిని నడపు శరీర రసములు అన్నియు ఇందు చేరియుండుననియు వైద్యులు చెప్పిననాడు ఆమె కన్నులు చెమర్చినవి.

ఈ చికిత్స ఎవరికి తగునో నిర్ణయించుటకు ఒక లెక్క కలదు. కిలోలలోని బరువును, మీటర్లలోని ఎత్తుచేత రెండుమార్లు భాగింపగా వచ్చు అంకె అది. మా ఆడపడుచునకు 49 వచ్చినది. 1991లో అమెరికా వైద్యులు ఆ అంకె 40 దాటినవారికి, ఇతర వ్యాధులున్నచో 35 దాటినవారికి ఈ చికిత్స తగునని నిర్ణయించిరి. 2022లో శస్త్రవైద్యుల సంఘములు ఆ హద్దును తగ్గించి, మన ఆసియా ఖండమువారికి 27.5 నుండియే ఆలోచింపవచ్చునని చెప్పినవి. ఆమెకు చేసిన విధానములో జీర్ణాశయమున సుమారు నాలుగింట మూడు వంతులు తొలగించి, మిగిలినదానిని అరటికాయవంటి సన్నని గొట్టముగా నిలుపుదురు. పొట్టపై నాలుగైదు చిన్న రంధ్రములు తప్ప పెద్ద కోత యుండదు.

మా ఊరు గోదావరి యొడ్డున నున్నది. శస్త్రచికిత్స హైదరాబాదులో జరిగినది. సోమవారము చికిత్స, గురువారము ఇంటికి పోవచ్చునని డాక్టరుగారు చెప్పిరి. మా అత్తగారికి భయమును కోపమును ఒక్కసారిగా కలిగినవి. "నాకు కడుపు కోసిననాడు పదునైదు దినములు మంచము దిగనీయలేదు. నా బిడ్డను అప్పుడే పొమ్మనుచున్నారే!" అనిరి.

డాక్టరుగారు ఆమె యెదుట కుర్చీ వేసికొని కూర్చుండి ఓపికగా చెప్పిరి. 1966లో అమెరికాలోని అయోవాలో ఎడ్వర్డు మేసన్ అను వైద్యుడు ఇట్టి చికిత్సను మొదలుపెట్టిననాడు పొట్టను పెద్దగా కోయవలసియుండెను. 1994లో విట్‌గ్రోవు, క్లార్కు అనువారు చిన్న రంధ్రముల గుండ చేయు పద్ధతిని ప్రకటించిరి. అప్పటినుండి గాయము చిన్నదైనది. మంచము దినములును తగ్గినవి. కదలక పడుకొన్నచో కాళ్లలో రక్తము గడ్డకట్టి, ఆ గడ్డ ఊపిరితిత్తులకు పోవు ప్రమాదము కలదు. అందుచేతనే చికిత్స జరిగిన నాటి సాయంకాలమే రోగిని లేపి నడిపింతురు.

"మూడు దినములని ముందుగా వ్రాసిపెట్టుకొన్నది కాదమ్మా," అనిరి వారు. "నీరు త్రాగి నిలుపుకొనుచున్నదా, తనంతట లేచి నడచుచున్నదా, నోటిమందులతోనే నొప్పి అణగుచున్నదా, నాడియు జ్వరమును సరిగా నున్నవా, ఈ నాలుగును చూచి పంపుదుము. ఒక్కటి లోపించినను ఉంచుకొందుము."

కొందఱు మఱునాడే పోవుదురట. కొందఱికి వారము పట్టునట. అంకె ముఖ్యము కాదు, ఆ నాలుగే ముఖ్యము. పదిదినములుంచినను పూర్తి భరోసా లేదని కూడ వారు చెప్పిరి. కుట్టిన చోట సన్నని కారుడు ఏర్పడుట అరుదైనను, ఏర్పడినచో తఱచుగా ఇల్లు చేరిన పిమ్మటనే బయటపడునట. రక్తము గడ్డకట్టుటయు అంతే. కావున గుర్తులు ఇంటివారు నేర్చుకొనవలెను. గుండె దడదడ కొట్టుకొని తగ్గకుండుట, జ్వరము, పెరుగుచున్న కడుపునొప్పి, ఎడమ భుజమున నొప్పి, ఆయాసము, ఒక కాలు వాచి నొప్పిపెట్టుట, త్రాగినదెల్ల వాంతియగుట - వీనిలో ఏది కనబడినను తెల్లవారువఱకు ఆగరాదు.

మా ఊరికి ఏడెనిమిది గంటల ప్రయాణము. అందుచేత వెంటనే బయలుదేరక, నగరములోనే మా పినతల్లిగారి యింట పదిదినములుంటిమి. అది మేలైనది. ఆఱవనాడు ఆమెకు వికారము పట్టుకొన్నది. గ్రుక్కెడు నీరు కూడ వలదనెను. లేచిన కన్నులు తిరుగుట, మూత్రము ముదురు పసుపగుట చూచి ఆసుపత్రికి ఫోను చేసితిమి. వెంటనే తీసికొని రమ్మనిరి. ఒక రాత్రి సెలైను ఎక్కించి, మఱునాడు పంపిరి. చికిత్స పిమ్మట మఱల ఆసుపత్రికి వచ్చువారిలో ననేకులు ఇట్లు నీరు చాలకయే వత్తురట. వాంతులు కొన్ని దినములు సాగనిచ్చినచో బి1 విటమిను తఱిగి నరములకు చేటు కలుగునని కూడ అప్పుడే తెలిసినది. నాటినుండి పావుగంట కొకసారి 30 మిల్లీలీటర్ల చిన్న గిన్నెతో నీరో, తేటమజ్జిగయో, పప్పుకట్టో అందించుట మాలో ఒకరి పనిగా పెట్టుకొంటిమి. దినమునకు లీటరున్నర పూర్తియగువఱకు గోడగడియారమే మాకు యజమాని.

ఆ మధ్యనే ఆమె అత్తవారింటినుండి ఫోను వచ్చినది. "నాలుగవనాడే ఆసుపత్రి విడిచినదిగదా, పండుగ పిండివంటలకు వచ్చునా?" అని. మా అత్తగారే ఫోను తీసికొనిరి. "ఆసుపత్రి విడిచినది గాని, రోగము విడువలేదు. ప్రసవించిన స్త్రీని మూడవనాడు పొయ్యి దగ్గఱకు పంపుదుమా?" అని నెమ్మదిగా చెప్పి పెట్టివేసిరి. పదునైదు దినములుంచవలెనని పట్టుపట్టినవారే ఈ మాట అన్నందుకు మాకు సంతోషము కలిగినది.

ఆసుపత్రి దినములు తగ్గినకొలది ఇంటి దినములు పెరుగునని స్త్రీలము గ్రహింపవలెను. మొదటి రెండు వారములు ద్రవాహారము; పిమ్మట రెండు వారములు మెత్తగా మెదిపినది; ఆపైన మృదువైన అన్నము, కూర. మాంసకృత్తులు దినమునకు 60 గ్రాములకు తగ్గరాదు. నిండుబిందె, గ్యాసు బండ, చంకబిడ్డ - నాలుగు నుండి ఆఱు వారములవఱకు ఏదియు ఎత్తరాదు. మధుమేహమునకు, రక్తపుపోటునకు వాడుచున్న మందుల మోతాదు వైద్యులు తగ్గించినచో, పాత అలవాటున పాత మోతాదు ఇయ్యరాదు. విటమినులు, ఇనుము, సున్నపు ధాతువు జీవితాంతము తీసికొనవలసినవే. బిడ్డలను కోరువారు ఏడాది మొదలు ఏడాదిన్నరవఱకు ఆగుట మంచిది. కొన్ని నెలలకు జుట్టు రాలినచో బెదరనక్కఱలేదు. అది చాలమందికి మఱల వచ్చును.

కావున మీ యింట ఎవరికైన ఈ చికిత్స తలపెట్టినచో, "ఎన్ని దినములు?" అని వైద్యుని అడుగుటకు ముందు మీలో మీరు కొన్ని ప్రశ్నలు వేసికొనుడు. ఆమె వంట ఎవరు చేయుదురు? రాత్రి ఆమెకు తోడుగా ఎవరు పడుకొందురు? ఆమె బిడ్డలను బడికి ఎవరు పంపుదురు? ఆసుపత్రికి త్వరగా పోవుటకు బండి ఎచ్చట నున్నది? వీనికి ఉత్తరములు దొరికిన యింటికి రోగి మూడవనాడు వచ్చినను భయము లేదు. ఉత్తరములు లేని యింటికి పదవనాడు వచ్చినను తొందరయే.