పళ్లెం అంచున మొక్కజొన్న

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు బస్సులో పోతే కిటికీ అవతల ఎక్కువగా వరే కనిపిస్తుంది. కె.సి. కాలువ నీళ్లు పారే నేల కదా. మధ్యమధ్య మొక్కజొన్న చేలూ ఉంటాయి గానీ, ఆ గింజలు చాలావరకు వంటింటికి రావు, కోళ్ల దాణాకు పోతాయి. అందుకే మా బడి పిల్లలు దాన్ని ‘కోళ్ల తిండి’ అంటారు. మన చెంచు పిల్లలు కూడా అంటారు. నన్ను బాధపెట్టేది అదే.

మా అవ్వ కాలంలో మొక్కజొన్న అంటే కూర కాదు, కూడు. గుడిసె పక్కనే నాలుగు సాళ్లు వేసేది. ఎండిన గింజలు రోట్లో దంచి, చెరిగి, నూకను ఎసట్లో పోసి తెడ్డుతో తిప్పితే సంకటి. పక్కన బుడ్డల ఊరిబిండో, అడవి ఆకుకూరో. “అహోబిలం అల్లుడొచ్చినా ఇదే పెడతాం” అనేది. చెంచులక్ష్మిని చేసుకున్న నరసింహస్వామి మాకు అల్లుడే కదా! 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చాయి. వాటిని నేను తప్పుపట్టను, ఆకలి తీర్చాయి. అయితే పళ్లెం మధ్యలోకి అన్నం వచ్చాక సంకటి మెల్లగా మాయమైంది. దాన్ని మళ్లీ మధ్యలో కూర్చోబెట్టడం ఈ కాలం పిల్లలతో అయ్యే పని కాదు. అందుకే అన్నం పక్కన కూరగా పెట్టమని తల్లులకు చెబుతుంటాను.

పనంతా కంకిని ఎంచుకోవడంలోనే ఉంది. పీచు గోధుమరంగుకు తిరిగి ఉండాలి, గింజను గోటితో గిచ్చితే పాలు చిమ్మాలి. తెంపిన రోజే వండాలి. ఆలస్యమయ్యేకొద్దీ గింజలోని తీపి పిండిగా మారిపోతుంది. ఒలిచిన గింజల్లో సగం కచ్చాపచ్చాగా నూరుకోవాలి. ఉల్లిగడ్డ, పచ్చిమిరప తాలింపులో ముందు గింజలు మగ్గించి, ఉప్పేసి, తర్వాత నూరిన ముద్ద, కొంచెం నీళ్లు కలపాలి. అడుగంటే కూర, చేయి ఆపకూడదు. దించేముందు వేయించిన బుడ్డల పొడి. కొందరు టమోటా వేస్తారు, నాకు నచ్చదు. మొక్కజొన్నలో లైసిన్ తక్కువ, కందిపప్పులో ఎక్కువ. కాబట్టి పప్పన్నం పక్కన తింటే ఒంటికి మంచిది.

తోటి ఉపాధ్యాయులకు ఒక మాట. ఈ పంట కథ తరగతిలో చెప్పండి. సుమారు 9,000 ఏళ్ల కిందట టియోసింటే అనే అడవి గడ్డి నుంచి మొక్కజొన్నను తయారుచేసింది మెక్సికో ఆదివాసులు. ఆ గడ్డి కంకికి పదో పన్నెండో గట్టి గింజలు, అంతే. ఏటేటా మంచి విత్తనం ఏరుకుంటూ ఇంత కంకిని చేశారు. ఎండు గింజల్ని సున్నపు నీళ్లలో ఉడికించి, నానబెట్టి, కడిగి రుబ్బుతారు. అలా చేస్తే అందులోని నియాసిన్ ఒంటికి పడుతుంది. ఐరోపావాళ్లు విత్తనం పట్టుకుపోయారు గానీ ఆ వంట పద్ధతి నేర్చుకోలేదు. 18వ శతాబ్దం నుంచి స్పెయిన్, ఇటలీల్లో మొక్కజొన్నే తిని బతికిన పేదలు పెల్లాగ్రా జబ్బుతో చర్మం పగిలి, మతి చెడి చనిపోయారు. దానికి మందు నియాసిన్ అని తేలింది 1937లో.

ఇదంతా చెప్పాక వెనక బెంచీ పిల్లవాడు లేచి, “అయితే సార్, కోళ్లే మన తిండి తింటున్నాయా?” అన్నాడు. తరగతంతా నవ్వింది. తర్వాతి వారం బడి అన్నంలోకి ఇద్దరు ఇంటినుంచి ఆ కూర తెచ్చుకున్నారు. ఒకరి డబ్బాలో టమోటా ఉంది.