మందు చూసేది చుట్టరికం

హాస్టల్ వెనక ఖాళీ స్థలంలో తెల్లటి చిన్న పూలతో ఊగే మొక్కని మనమంతా చూసే ఉంటాం. దాని పేరు వయ్యారిభామ. పేరు పెట్టినవాళ్ళెవరో గానీ, దాన్ని ఎప్పుడూ చేత్తో పీకి ఉండరు! సొంతూరు అమెరికా ఖండం. 1950ల్లో పుణెలో కనబడి, తర్వాత దేశమంతా పాకింది. ఒక్క మొక్కే వేల విత్తనాలు రాలుస్తుంది.

మా మొక్కజొన్న చేలో దాన్ని పీకేది అమ్మ. పీకిన ప్రతిసారీ మోచేతుల దాకా దద్దుర్లు, రాత్రంతా గోకుడు. "ఆ మొక్క ముట్టుకోకమ్మా" అన్నారు డాక్టరు గారు. ముట్టుకోకుండా కలుపు తీయాలంటే మిగిలింది మందే.

మరి అదే మందు మొక్కజొన్న మీద కూడా పడుతుంది కదా, అదెందుకు చావదు? మన సీఎస్ఈ భాషలో చెప్పాలంటే, లోపల 'ఇఫ్ కలుపు' అనే కండిషన్ ఏదీ లేదు. కలుపంటే ఏంటో మందుకి తెలీదు.

నాన్న కొట్టే 2,4-డి సంగతే చూడండి. మొక్క పెరగడానికి తనలో తానే తయారుచేసుకునే హార్మోన్ ఆక్సిన్. 2,4-డి దానికి నకలు. అసలుది ఎక్కువైతే మొక్క తగ్గించుకోగలదు. ఈ నకలుని వెడల్పాకు మొక్కలు అంత తొందరగా వదిలించుకోలేవు. పెరుగు, పెరుగు అనే ఆర్డరు ఆగదు. కాడలు మెలికలు తిరిగి, ఆకులు ముడుచుకుని, కొన్నాళ్ళకి మొక్క ఎండిపోతుంది. అదీ లేతగా ఉన్నప్పుడు కొడితేనే బాగా పనిచేస్తుంది. మొక్కజొన్నేమో గడ్డి జాతి. మందుని ఒళ్ళంతా పాకనివ్వదు, పాకినదాన్ని తొందరగా మార్చేసి పనికిరాకుండా చేస్తుంది.

విత్తిన వెంటనే నేల మీద కొట్టే అట్రజిన్‌ది ఇంకో దారి. అది ఆకుల్లో కిరణజన్య సంయోగక్రియని ఆపేస్తుంది. మొక్కజొన్న దగ్గర మాత్రం దానికి గ్లూటాథయోన్ తగిలించి విషం విరిచేసే ఎంజైమ్ ఉంది. ఇది చదివిన రోజు మొక్కజొన్న మీద నాకు గౌరవం పెరిగింది.

అసలు చిక్కు గట్టు అవతల ఉంది. అక్కడ బాబాయి పత్తి వేస్తాడు. పత్తి కూడా వెడల్పాకే. 2,4-డి లెక్కలో పత్తీ, వయ్యారిభామా ఒకే పక్షం. గాలికి కాస్త తుంపర కొట్టుకొచ్చినా చాలు, పత్తి ఆకులు సన్నగా చీలికల్లా తయారవుతాయి. మందుల షాపువాళ్ళు దీన్ని 'సెలెక్టివ్' అంటారు. ఎవరి సెలెక్షనో బాబాయిని అడగాలి.

పోయిన వానాకాలం నాన్న పంపు భుజానికెత్తుకోగానే బాబాయి గట్టు మీదకొచ్చాడు.

"అన్నా, గాలి ఇటే తిరిగింది."

నాన్న ఏమీ అనకుండా పంపు దించేశాడు. ఆ రోజు కొట్టలేదు. గాలి ఆగాక కొట్టినప్పుడు కూడా గట్టు పక్క ఆరు సాళ్ళు వదిలేశాడు. ఆ ఆరు సాళ్ళూ అమ్మ వాటాకే వచ్చాయి. నాన్న పాత ఫుల్ హ్యాండ్స్ చొక్కా, నేను పంపిన గ్లవ్స్ వేసుకుని, పూత రాకముందే పీకేసింది. దద్దుర్లు ఈసారి కొంచెం తగ్గాయంది. నన్ను సంతోషపెట్టడానికే అందేమో.

ఆ పంపుతోనే మన పత్తికి పురుగుమందు కొడితే? ఎంత కడిగినా అడుగున మిగిలే కాస్త 2,4-డి చాలు. అందుకే నాన్న రెండో పంపు కొన్నాడు. పాతదాని మీద ఎర్ర పెయింట్‌తో పెద్దగా 'గడ్డి' అని రాసి, పశువుల కొట్టంలో విడిగా పెట్టాడు.