పాపికొండలకు బయల్దేరుతున్నారా?

భద్రాద్రి రాముణ్ని దర్శించుకుని, అట్నుంచటే లాంచీలో పాపికొండలు చూసి రావాలని ఎందరికో ఉంటుంది. అయితే బ్యాగులు సర్దే ముందు గోదారి సంగతి కనుక్కోండి. వరదొస్తే లాంచీలు ఆగిపోతాయి. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. 2022 జులైలో ఏకంగా 71 అడుగులు దాటింది! అందుకే వానలు పూర్తిగా తగ్గాక, కార్తీకం నుంచి మాఘం దాకా వెళ్తే హాయి.

రైల్లో వెళ్లేవారు 'భద్రాచలం రోడ్' స్టేషన్ పేరు చూసి గుడి పక్కనే అనుకోవద్దు. అది కొత్తగూడెంలో ఉంది. అక్కణ్నుంచి దాదాపు 40 కిలోమీటర్లు బస్సులో వెళ్లాలి. మొదటిరోజు రామాలయం, సుమారు 35 కిలోమీటర్ల దూరంలోని పర్ణశాల చూసేయండి. రెండోరోజు పొద్దున్నే కూనవరం మీదుగా పోచవరం రేవుకు బయల్దేరండి. 2014 నుంచి ఆ మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. లాంచీలు నడుస్తున్నాయో లేదో ముందే వాకబు చేసుకోవాలి.

లాంచీ ఎక్కగానే పిల్లలతో సహా అందరూ లైఫ్ జాకెట్ వేసుకోండి. ఉక్కపోస్తోందని విప్పేయకండి. 2019 సెప్టెంబరు 15న వరద గోదారిలో కచ్చులూరు దగ్గర బోటు మునిగి ఎన్నో కుటుంబాలు కడుపుకోత అనుభవించాయి. నీరు ఎక్కువగా ఉందంటే ప్రయాణం వాయిదా వేసుకోండి. కొండలు ఎక్కడికీ పోవు!