అరవై ఏడు అక్షరాల అమ్మ

అమెరికాలో, ఉత్తర వర్జీనియాలోని షాంటిలీలో మా టౌన్‌హౌస్ వరుసలో ఇళ్లన్నీ ఒకే రంగు, ఒకే తలుపు. డలస్ విమానాశ్రయం పక్కనే కాబట్టి నెత్తిమీద విమానాల మోత మాత్రం ఆగేది కాదు. 2009లో మేం అక్కడికి వెళ్లేటప్పటికి నాకు తొమ్మిదేళ్లు. నాన్నది హెచ్‌1బి వీసా, అమ్మదీ నాదీ హెచ్‌4. హెచ్‌4 మీద వచ్చినవాళ్లు ఉద్యోగం చెయ్యడానికి అప్పట్లో వీల్లేదు. కాకినాడలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పిన మా అమ్మకి అక్కడ మిగిలింది వంటా, నా హోంవర్కూ, నాన్న కారు కోసం ఎదురుచూపూ.

హామ్ రేడియో, అంటే ఔత్సాహికుల రేడియో, పిచ్చి మొదట నాన్నది. హైదరాబాద్‌లో చదువుకునే రోజుల్లో జాతీయ అమెచ్యూర్ రేడియో సంస్థలో చేరి మోర్స్ కోడ్ నేర్చుకున్నాడు. అమెరికాలో మోర్స్ పరీక్షని 2007లోనే పూర్తిగా ఎత్తేశారు. మొదటి మెట్టు లైసెన్సుకి 35 ప్రశ్నలు, 26 రైటయితే చాలు. "నువ్వూ రాయరాదూ?" అన్నాడు నాన్న. అమ్మ నా హోంవర్క్ బల్ల మీదే చదివి, వెళ్లి పరీక్ష రాసి, పాసైంది. ఉద్యోగానికి అడ్డుపడ్డ వీసా దీనికి అడ్డు రాలేదు. రేడియోలో పిలుచుకునే పేరు, అదే కాల్‌సైన్, వచ్చిన రోజు ఆ కాగితాన్ని తిప్పి తిప్పి చూసి, "ఇందులో భర్త పేరు అడగలేదు చూశావా" అంది.

మాకు దొరికిన ఆట ఏపీఆర్ఎస్, రేడియో మీద చిన్న కబుర్లు పంపే పద్ధతి. చేతిలో పట్టే కెన్‌వుడ్ రేడియో మీద నంబర్ల మీటలు నొక్కుతూ మెసేజ్ రాయాలి. ఒక మెసేజ్‌లో 67 అక్షరాలు, ఖాళీలతో కలిపి. పంపగానే ఆ మాటలు రెండు స్వరాల మధ్య ఊగే చప్పుడుగా మారి, సెకనుకి 1200 బిట్ల చొప్పున 144.39 మెగాహెర్ట్జ్ మీద పోతాయి. ఇంకో రేడియో ఆ ఫ్రీక్వెన్సీ మీద పెట్టి వింటే ఒక్క 'బర్ర్' మాత్రమే. ఎత్తయిన చోట ఎవరో ఔత్సాహికులు సొంత ఖర్చుతో నడిపే డిజిపీటర్లు దాన్ని విని మళ్లీ పలుకుతాయి. బావి దగ్గర బిందెలు చేతులు మారినట్టు కబురు ఒకరి నుంచి ఒకరికి వెళ్తుంది. అవతలి రేడియోకి చేరగానే అది తనంతట తానే 'అందింది' అని జవాబిస్తుంది. అప్పుడు మా తెరమీద చుక్క గుర్తు పడుతుంది. అది పడకపోతే రేడియో కాసేపాగి మళ్లీ పంపుతుంది.

ఈ విద్యకి మా ప్రాంతం పుట్టిల్లులాంటిది. ఇలా కబుర్లని పొట్లాలుగా కట్టి పంపే ప్యాకెట్ రేడియోకి ఏఎక్స్.25 అనే ఒరవడి పెట్టిన ఆమ్‌రాడ్ బృందం ఉత్తర వర్జీనియాదే. ఏపీఆర్ఎస్‌ని రూపొందించిన బాబ్ బ్రునింగా అటు అన్నాపోలిస్ నౌకా అకాడమీలో పనిచేసేవారు.

కాల్‌సైన్ చివర కారుకి 9, చేతి రేడియోకి 7 పెట్టుకోవడం ఆనవాయితీ. కాబట్టి సాయంత్రాలు అమ్మ 7 నుంచి నాన్న 9కి కబుర్లు వెళ్లేవి: 'పాలు, కరివేపాకు. చిన్నీకి జలుబు. త్వరగా రండి.' చిన్నీ అంటే నేనే. తెలుగుని ఇంగ్లీషు అక్షరాల్లో కుదించడం నా పని. లైసెన్సు అమ్మది, ఆమె పక్కనుండగా వేలు నాది. రేడియోలో రహస్య సంకేతాలు వాడకూడదన్న రూలు చదివి అమ్మ కంగారుపడింది, తెలుగు కూడా రహస్యమే అంటారేమోనని. ఏ భాషైనా పరవాలేదట, కాల్‌సైన్ మాత్రం ఇంగ్లీషులో ఉండాలట.

రహస్యం లేకపోవడమే మాకు మేలు చేసింది. మా కాలనీ సంఘం కప్పు మీద యాంటెనా పెట్టనిచ్చేది కాదు కాబట్టి మాది అటకలో ఉండేది. వీధి చివర ఉండే ఒక రిటైరైన పెద్దాయనది కూడా అంతే. ఒకరోజు తలుపు తట్టి, "నా డిజిపీటర్ రోజూ మోస్తున్న ఈ కరివేపాకు అంటే ఏమిటి?" అని అడిగాడు. అమ్మ లోపలికి పిలిచి పులిహోర పెట్టింది. మూడేళ్లలో మా గడప దాటి వచ్చిన మొదటి అమెరికన్ ఆయనే.

2012 జూన్ 29, శుక్రవారం రాత్రి. ఒహాయో వైపు నుంచి వచ్చిన డెరేచో గాలివాన గంటకి వంద కిలోమీటర్లు మించిన వేగంతో మా మీద పడింది. కరెంటు పోయింది. ఫోన్లు కలవలేదు. తెల్లారాక మా ఫెయిర్‌ఫ్యాక్స్ కౌంటీలో అత్యవసర నంబరు 911కి చేసిన కాల్స్ కూడా పోలేదు. నాన్న ఆ రాత్రి యాష్‌బర్న్‌లో డ్యూటీలో ఉన్నాడు. అమ్మ టార్చి పట్టుకుంది, నేను నొక్కాను: 'మేం క్షేమం. మీరు?' చుక్క పడలేదు. రేడియో మళ్లీ పంపింది. పడలేదు. ఏ కొండమీది డిజిపీటర్‌కి కరెంటు పోయిందో ఏమో! కాసేపటికి పెద్దాయన తన డిజిపీటర్ పెట్టెని కారు బ్యాటరీకి తగిలించాడని తర్వాత తెలిసింది. చుక్క పడింది. వెనకే నాన్న: 'బాగున్నా. రోడ్డు మీద చెట్లు. పొద్దున్న వస్తా. పడుకోండి.' అమ్మ దాన్ని మూడుసార్లు నాచేత చదివించుకుంది.

ఆ శరదృతువులో వ్యోమగామి సునీతా విలియమ్స్ అంతరిక్ష కేంద్రంలో ఉన్నారు. ఆ కేంద్రంలోనూ ఒక డిజిపీటర్ ఉంది, 145.825 మీద. అది మా నెత్తిమీదుగా వెళ్లే ఆ పదినిమిషాల కోసం ముగ్గురం రాజధాని మందిర్ గుడి పార్కింగ్‌లో నిలబడ్డాం. మా కాల్‌సైన్ నాలుగొందల కిలోమీటర్ల పైకి పోయి, కేంద్రం పేరు తగిలించుకుని తెరమీదికి తిరిగొచ్చింది. తిప్పి పంపింది పెట్టే గానీ సునీత కాదని అమ్మ వివరించింది. అయినా సోమవారం బళ్లో నేను వేరేగా చెప్పుకున్నాను.

2013లో కాకినాడ తిరిగొచ్చేశాం. అమ్మ మళ్లీ పాఠాలు చెప్పింది. హెచ్‌4 వాళ్లలో కొందరికి ఉద్యోగానికి అనుమతి 2015లో గానీ రాలేదు, అప్పటికి మాకు దాంతో పనిలేకపోయింది. 2022లో బ్రునింగా పోయారని చెబితే అమ్మ, "ఆయన పెట్టిన సంసారమే కదూ మనది" అంది.

ఇప్పుడు మా ఇంటి వాట్సాప్ గ్రూపులో ఎవరేం పెట్టినా అమ్మ 'అందింది' అని రాస్తుంది. రెండు నీలి టిక్కులు పడ్డాయి కదమ్మా అంటే, "అవి ఫోనువే, మనిషివి కావు" అంటుంది. మేం జవాబివ్వడం మరిచిపోతే కాసేపాగి అదే మాట మళ్లీ పంపుతుంది.